టైల్స్ గచ్చును లెక్కతో గీయడం ఎలా

గది బొమ్మ గీసేటప్పుడు గోడలు, కిటికీలు ఎలాగో కుదిరిపోతాయి. దొరికిపోయేది గచ్చు దగ్గరే. టైల్స్ గీతలు దూరం వెళ్లేకొద్దీ దగ్గరపడాలని అందరికీ తెలుసు, ఎంత దగ్గరపడాలో తెలీదు. అందుకని కొందరు కంటికి తోచినట్టు తగ్గించుకుంటూ పోతారు. ఇంకొందరు కాస్త పద్ధతిగా, ప్రతి వరసా దాని ముందు వరసలో మూడింట రెండొంతులు ఉండాలని నియమం పెట్టుకుంటారు. ఈ నియమం వయసు దాదాపు ఆరు వందల ఏళ్లు. 1435లో లియోన్ బాటిస్టా ఆల్బెర్టీ చిత్రకళ మీద పుస్తకం రాసినప్పుడు, తన కాలపు చిత్రకారులు గచ్చును ఇలాగే గీస్తున్నారని తప్పుపట్టాడు. ఆ తప్పు ఎంత పెద్దదో బొమ్మ గీశాక అంకెల్లో చూద్దాం. సరైన పద్ధతికి కావలసిన లెక్క మాత్రం పదో తరగతి సరూప త్రిభుజాలే.

కావలసిన సామాను

ఒక ఏ3 డ్రాయింగ్ షీటు (42 × 29.7 సెం.మీ.), దాన్ని అంటించడానికి డ్రాయింగ్ బోర్డు లేదా నున్నటి బల్ల, పేపర్ టేపు, సెట్‌స్క్వేర్, రబ్బరు, ఒక గుండుసూది, మూరెడు దారం. పెన్సిళ్లు రెండు: నిర్మాణ గీతలకి 2హెచ్, చివర్లో దిద్దడానికి హెచ్‌బీ. స్కేలు మాత్రం 60 సెం.మీ.ది తీసుకోండి. ఇందులో ఒక గీత 39 సెం.మీ. పైనే ఉంటుంది. 30 సెం.మీ. స్కేలుతో అయితే మధ్యలో జరపాలి, జరిపిన చోట గీత సన్నగా వంగుతుంది, ఆ వంకర వెనక వరసల్లో బయటపడుతుంది.

ముందు అద్దం మీద ఒకసారి

కాగితం జోలికి వెళ్లే ముందు పది నిమిషాలు ఈ పని చేయండి. మన కిటికీలకి గ్రిల్ అడ్డం వస్తుంది కాబట్టి, ఫోటో ఫ్రేములోంచి తీసిన అద్దాన్ని బల్ల అంచున నిలువుగా నిలబెట్టండి. అంచులు కోసుకోకుండా టేపు చుట్టండి. పుస్తకాల దొంతర మీద గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, అద్దం అవతల కనిపించే వస్తువుల అంచుల్ని వైట్‌బోర్డు మార్కర్‌తో అద్దం మీదే గీయండి. గడ్డం ఆనించకపోతే తల కదులుతుంది. తల ఒక సెంటీమీటరు జరిగితే దగ్గరి వస్తువు గీత కూడా జరిగిపోతుంది, దూరపు వస్తువు గీతతో ఇక పొంతన కుదరదు.

ఇప్పుడు కొలవండి. కంటికీ అద్దానికీ మధ్య 40 సెం.మీ. ఉంటే, 20 మీటర్ల దూరంలో ఉన్న 8 మీటర్ల స్తంభం అద్దం మీద 16 సెం.మీ. వస్తుంది. అదే స్తంభం 40 మీటర్ల దూరంలో ఉంటే 8 సెం.మీ. కన్ను కొనగా రెండు సరూప త్రిభుజాలున్నాయి. ఒకదాని భుజం అద్దం మీద గీత, రెండోదాని భుజం అసలు స్తంభం. అద్దం మీది ఎత్తు = కంటినుంచి అద్దానికి దూరం × అసలు ఎత్తు ÷ కంటినుంచి వస్తువుకి దూరం. పర్‌స్పెక్టివ్ అంటే ఇంతే. కింద చేసేదంతా ఈ భాగహారాన్ని స్కేలు, పెన్సిలుతో చేయడమే.

గది, కొలతలు

10 అడుగుల వెడల్పు, 14 అడుగుల లోతు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలు. రెండు బై రెండు టైల్స్, అంటే అడ్డంగా 5, లోతుకి 7. ముందు గోడ తీసేశారనుకోండి. తీసేసిన గోడ స్థానంలో మన అద్దం ఉంది. మీరు దానికి 14 అడుగుల వెనక, సరిగ్గా మధ్యలో, కళ్లు నేలకి 5 అడుగుల ఎత్తులో ఉండేలా నిలబడ్డారు.

కాగితం మీద 1 అడుగు = 2 సెం.మీ. కాబట్టి ఒక టైలు ముందు అంచు 4 సెం.మీ., కంటి ఎత్తు 10 సెం.మీ., చూసే దూరం 28 సెం.మీ. ఈ 28ని గుర్తుపెట్టుకోండి, బొమ్మ మొత్తం దాని మీదే నడుస్తుంది.

1. షీటును అడ్డంగా అంటించండి. ఎడమ అంచునుంచి 2 సెం.మీ., కింది అంచునుంచి 4 సెం.మీ. వదిలి 20 × 20 సెం.మీ. చదరం గీయండి. చదరాన్ని షీటు మధ్యలో పెట్టొద్దు. కుడివైపు ఖాళీ తర్వాత కావాలి.

2. చదరం కింది గీతే నేల గీత. దాని మీద ప్రతి 4 సెం.మీ.కి ఒక గుర్తు పెట్టండి.

3. నేల గీతకి 10 సెం.మీ. పైన అడ్డంగా సన్నటి గీత గీసి, చదరం దాటించి షీటు కుడి అంచుదాకా లాగండి. ఇది మీ కంటి మట్టం, క్షితిజరేఖ.

4. క్షితిజరేఖ మీద చదరానికి సరిగ్గా మధ్యలో బిందువు పెట్టి 'క' అని రాయండి. గదిలోపలికి పోయే గీతలన్నీ చేరే చోటు, వ్యానిషింగ్ పాయింట్, ఇదే. దీనినుంచి కుడివైపు 28 సెం.మీ. కొలిచి ఇంకో బిందువు పెట్టి 'ద' అని రాయండి. ఇది దూరబిందువు. షీటు అంచుకి 2 సెం.మీ. లోపల పడుతుంది.

5. 'క' దగ్గర గుండుసూది గుచ్చి దారం కట్టండి. దారం లాగి ప్రతి గుర్తు మీదుగా బిగించి చూసుకుని, ఆ తర్వాత స్కేలు పెట్టి గుర్తులన్నిటినీ 'క'కి కలపండి. చదరం రెండు కింది మూలల్ని కూడా కలిపితే మొత్తం 6 గీతలు. సూది, దారం చిన్నపిల్లల ఆటలా అనిపించొచ్చు. మిలాన్‌లో లియొనార్డో గీసిన 'చివరి విందు' గోడచిత్రంలో క్రీస్తు కణత దగ్గర మేకు దిగిన రంధ్రం ఇప్పటికీ ఉంది, గది గీతలన్నీ చేరేది అక్కడికే.

6. చదరం ఎడమ కింది మూలనుంచి 'ద'కి ఒక గీత గీయండి. ఇదే ఆ 39 సెం.మీ. గీత. ఇది 'క'కి వెళ్లే గీతల్ని వరసగా కోస్తుంది. కోసిన ప్రతి చోటునుంచి నేల గీతకి సమాంతరంగా, ఎడమ గోడనుంచి కుడి గోడదాకా ఒక అడ్డగీత గీయండి. 5 వరసలు వచ్చేస్తాయి.

7. మిగతా రెండు వరసలకి, అయిదో అడ్డగీత ఎడమ కొసనుంచి మళ్లీ 'ద'కి గీత గీయండి. అది కోసే మొదటి చోటు ఆరో వరస, రెండో చోటు ఏడో వరస.

ఎందుకు పనిచేసింది? టైలు చదరం, దాని కర్ణం 45 డిగ్రీలు. గచ్చు మీద 45 డిగ్రీల్లో కుడివైపుకి పోయే గీతలన్నీ సమాంతరాలే కాబట్టి బొమ్మలో అవన్నీ ఒకే బిందువుకి చేరాలి. మీరు తల 45 డిగ్రీలు తిప్పితే చూపు అద్దాన్ని ఎక్కడ తాకుతుందో అదే ఆ బిందువు. అద్దం ఎంత దూరంలో ఉందో అంతే దూరం పక్కకి, అంటే 28 సెం.మీ. అయిదు టైల్స్ మూలల్లోంచి ఒకే గీత వెళ్లింది కాబట్టి అయిదు వరసలూ ఒక్కసారే తేలాయి.

లెక్కతో సరిచూడండి

గచ్చు మీద ఒక బిందువు అద్దానికి కొంత లోపల ఉంది. అక్కడినుంచి కంటికి వచ్చే చూపురేఖ నేలమీద మొదలై కంటి దగ్గరికి వచ్చేసరికి 5 అడుగులు లేస్తుంది. దారిలో అద్దాన్ని తాకేచోట ఎంత లేచి ఉంటుందో అదే కాగితం మీద ఎత్తు. టైల్స్ లెక్కలో:

నేల గీతనుంచి ఎత్తు = 10 × వరస ÷ (7 + వరస)

10 కంటి ఎత్తు, 7 చూసే దూరం (28 సెం.మీ. అంటే 7 టైల్స్). విలువలు సెంటీమీటర్లలో:

వరస 1: 1.25
వరస 2: 2.22
వరస 3: 3.00
వరస 4: 3.64
వరస 5: 4.17
వరస 6: 4.62
వరస 7: 5.00

మీ గీతలు వీటికి అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. మొదటి రెండు వరసలు సరిగ్గా ఉండి వెనకవి తప్పితే 'ద'కి వెళ్లే గీత వంగిందన్నమాట. అన్నీ ఎక్కువగానో, అన్నీ తక్కువగానో ఉంటే 'ద' స్థానం తప్పు, చాలాసార్లు 28ని 'క'నుంచి కాకుండా చదరం అంచునుంచి కొలవడం వల్ల. ఏడో వరస సరిగ్గా 5 దగ్గర, అంటే క్షితిజరేఖకి సగంలో పడాలి. మీరు అద్దానికి ఎంత దూరంలో ఉన్నారో, వెనక గోడ అద్దానికి అంతే లోపల ఉంది, అందుకే సగం.

ఇప్పుడు మూడింట రెండొంతుల నియమం సంగతి. పట్టికలో పక్కపక్క వరసల తేడాలు 1.25, 0.97, 0.78, 0.64... వాటి నిష్పత్తులు 7/9, 8/10, 9/11, 10/12. నిష్పత్తి మారుతూ 1 వైపు పాకుతుంది, ఎక్కడా స్థిరంగా ఉండదు. దాన్ని 2/3 దగ్గర బిగిస్తే అది గుణశ్రేఢి అవుతుంది. మొదటి వరస 1.25 అయితే అనంతం వరకు కూడినా మొత్తం 1.25 × 3 = 3.75 సెం.మీ. క్షితిజరేఖ 10 దగ్గర ఉంది. అంటే గచ్చు ఎన్ని మైళ్లు పరిచినా 3.75 దాటదు, అక్కడితో లోయలా తెగిపోతుంది. ఇంకో నిష్పత్తి పెడితే? 7/8 పెట్టుకుంటే మొత్తం 10కే వస్తుంది, కానీ టైల్స్ మూలల్ని కలిపే కర్ణం వంపు తిరుగుతుంది. పాత చిత్రాల్లో గచ్చు తప్పో ఒప్పో తేల్చడానికి ఈ కర్ణమే పరీక్ష. స్కేలు పెట్టండి. మూలలన్నీ ఒకే గీత మీద లేకపోతే చిత్రకారుడు కంటితో అంచనా వేశాడన్నమాట. ఆల్బెర్టీ చెప్పిన పరీక్ష కూడా ఇదే.

గోడలు, తలుపు, కిటికీ

చదరం పై మూలల్ని 'క'కి కలపండి. ఏడో అడ్డగీత రెండు కొసలనుంచి నిలువు గీతలు లేపితే అవి ఈ పై గీతల్ని తాకుతాయి. అక్కడ అడ్డంగా కలిపితే 10 × 10 సెం.మీ. వెనక గోడ సిద్ధం. ఆ గోడ మీద స్కేలు సగమైంది, 1 అడుగు = 1 సెం.మీ. ఏడడుగుల తలుపు అక్కడ 7 సెం.మీ., వెడల్పు 3.

ఎత్తులకి ఒక దగ్గరి దారి ఉంది. నేలమీద ఏ బిందువునుంచైనా క్షితిజరేఖ దాకా ఉన్న దూరం, ఆ చోట 5 అడుగులు. వెనక గోడ అడుగునుంచి క్షితిజరేఖకి 5 సెం.మీ., ఏడడుగుల తలుపు దానికి 7/5 రెట్లు, 7 సెం.మీ. మూడో వరస దగ్గర మనిషిని నిలబెడుతున్నారా? అక్కడ నేలనుంచి క్షితిజరేఖకి 7 సెం.మీ. ఉంది. అయిదున్నర అడుగుల మనిషి 7 × 5.5 ÷ 5 = 7.7 సెం.మీ. మీ ఎత్తువాళ్లందరి కళ్లూ గదిలో ఎక్కడున్నా క్షితిజరేఖ మీదే ఉంటాయి. జనం గుంపు గీసినప్పుడు దూరపువాళ్ల తలల్ని కిందకి దించేయడం తరచూ చేసే తప్పు. అలా దించితే వాళ్లు గుంటలో నిలబడినట్టో, మరుగుజ్జుల్లాగో కనిపిస్తారు.

ఎడమ గోడకి కిటికీ: నేలకి 3 అడుగుల ఎత్తున మొదలై 7 అడుగుల దాకా, రెండో వరసనుంచి నాలుగో వరస వరకు. చదరం ఎడమ నిలువు అంచు మీద 6 సెం.మీ., 14 సెం.మీ. దగ్గర గుర్తులు పెట్టి 'క'కి కలపండి. రెండో, నాలుగో అడ్డగీతలు ఎడమ గోడని తాకేచోట్ల నిలువు గీతలు లేపండి. నాలుగు గీతల మధ్య పడిందే కిటికీ. ఎత్తుల్ని ఎప్పుడూ ముందు అంచు మీదే కొలవాలి, లోపలికి వెళ్లాక స్కేలు పెట్టి కొలిస్తే తప్పు. కిటికీకి మధ్య చట్రం గీయాలంటే కంటితో సగం పెట్టొద్దు. రెండు కర్ణాలు గీసి అవి కోసుకునే చోట నిలువు గీత పెట్టండి. వరండా స్తంభాలకీ, రోడ్డు పక్క కరెంటు స్తంభాలకీ ఇదే చిట్కా తిరగేసి వాడొచ్చు. మొదటి స్తంభం కొననుంచి రెండో స్తంభం నడిమధ్య గుండా గీత గీస్తే, అది నేలని తాకేచోటే మూడో స్తంభం.

గుండ్రటి చాప, పక్కకి తిప్పిన బల్ల

వృత్తాన్ని నేరుగా గీయలేం, చదరంలో ఇరికించాలి. నాలుగడుగుల గుండ్రటి చాపకి 2 × 2 టైల్స్ తీసుకోండి, ముందు అంచు 8 సెం.మీ. నాలుగు భుజాల మధ్య బిందువులు నాలుగు. ఇక ముందు అంచు రెండు కొసలనుంచి 1.17 సెం.మీ. లోపలికి గుర్తులు పెట్టి 'క'కి కలిపితే, అవి చదరం కర్ణాల్ని కోసే చోట్లు ఇంకో నాలుగు. ఎనిమిదింటి మీదుగా చేత్తో నునుపుగా గీయండి. దీర్ఘవృత్తం వస్తుంది. దాని మధ్య బిందువు చాప మధ్య బిందువు కాదు. చదరం ముందు రెండు వరసల్లో ఉంటే చాప కేంద్రం 1.25 దగ్గర, దీర్ఘవృత్తం మధ్య 1.11 దగ్గర. చాప మధ్యలో కూజా పెట్టాలంటే కర్ణాలు కోసుకునే చోటే పెట్టండి.

బల్ల గోడకి ఏటవాలుగా ఉంటే రెండు వ్యానిషింగ్ పాయింట్లు కావాలి. చాలామంది వాటిని కాగితం మీద ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టేస్తారు, బల్ల మూల కత్తిమొనలా పొడుచుకొస్తుంది. వాటికీ లెక్కుంది. ఒకటి 'క'కి ఎడమన, ఒకటి కుడిన. రెండు దూరాల్ని గుణిస్తే 28 × 28 = 784 రావాలి. బల్ల మూల 90 డిగ్రీలు కాబట్టి కంటి దగ్గర లంబకోణం ఏర్పడుతుంది. ఆ లంబకోణ శీర్షంనుంచి కర్ణం మీదకి దించిన లంబమే 28. 45 డిగ్రీలు తిప్పితే రెండూ 28 దగ్గరే. 30 డిగ్రీలు తిప్పితే ఒకటి 16.2, రెండోది 48.5. రెండోది షీటు బయట పడుతుంది. పక్కన బల్ల మీద టేపు అంటించి దాని మీద గుర్తు పెట్టుకోండి. బయట పడిందని లోపలికి లాగొద్దు.

చూసే దూరం

పూర్తయిన బొమ్మని నిలువుగా పెట్టి, ఒక కన్ను మూసి, రెండో కన్ను 'క'కి ఎదురుగా 28 సెం.మీ. దూరంలో ఉంచండి. గచ్చు పరుచుకుంటుంది. ఫ్లోరెన్స్‌లో వాస్తుశిల్పి బ్రునెల్లెస్కీ 15వ శతాబ్దం మొదట్లో అక్కడి బాప్టిస్టరీ (బాప్తిస్మమిచ్చే మందిరం) బొమ్మ గీసి, పలకకి రంధ్రం చేసి, వెనకనుంచి అందులోంచి ఎదుటి అద్దంలో ప్రతిబింబం చూడమన్నది ఇందుకే. చూసేవాడి కన్నుని తను అనుకున్న చోట కట్టిపడేశాడు.

'ద'ని 'క'కి 8 సెం.మీ. దూరంలోనే పెట్టి చూడండి. మొదటి వరస 3.33 సెం.మీ. అవుతుంది, చదరపు టైలు కాస్తా పొడవాటి బండలా సాగుతుంది. బొమ్మ తప్పని కాదు, దాన్ని 8 సెం.మీ. దూరంనుంచి చూడాలి, అంత దగ్గర మన కన్ను ఆనదు. చదరం మూలలు 'క'నుంచి ఎంత దూరమో (ఇక్కడ 14.1 సెం.మీ.) దానికి కనీసం ఒకటిన్నర, రెండు రెట్లు చూసే దూరం ఉంచుకుంటే ఈ గొడవ రాదు. మరీ దూరమైతే ఎదురు సమస్య, వరసలు ఒకదాని మీదొకటి నొక్కుకుపోతాయి. టీవీలో క్రికెట్ పిచ్ పొట్టిగా కనబడేది అందుకే. స్టంపుల వెనక 2 మీటర్ల దూరంలో ఉన్న అంపైర్‌కి అవతలి స్టంపులు ఇవతలివాటిలో పదకొండో వంతు కనిపిస్తాయి. కెమెరా 100 మీటర్ల వెనక ఉందనుకుంటే 83 శాతం.

ఈ పద్ధతికి ఒకే కన్ను, కదలకుండా కావాలి. లేపాక్షి పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లో వ్యానిషింగ్ పాయింట్ లేదని చిన్నచూపు చూసేవాళ్లు ఇది మర్చిపోతారు. అక్కడ జనం తలెత్తి నడుస్తూ చూస్తారు, కన్నుని ఎక్కడ కట్టేస్తారు?

ఫోటోతో పరీక్ష

చివరగా, మీ బొమ్మకే కాదు, ఏ ఫోటోకైనా పనికొచ్చే కొలత. ఒకే టైలు గీత మీద వరసగా నాలుగు అడ్డగీతలు కోసే చోట్లు తీసుకోండి: 1, 2, 3, 4. ఒకటికీ మూడుకీ మధ్య దూరాన్ని రెండుకీ నాలుగుకీ మధ్య దూరంతో గుణించండి. దాన్ని, రెండు–మూడు దూరాన్ని ఒకటి–నాలుగు దూరంతో గుణించిన విలువతో భాగించండి. అసలు టైల్స్ సమానమైతే జవాబు 4/3, అంటే 1.33. ఎటునుంచి చూసినా, ఎంత దూరంనుంచి తీసినా అంతే. మన బొమ్మలో నేల గీత, మొదటి మూడు అడ్డగీతలు తీసుకుంటే (2.22 × 1.75) ÷ (0.97 × 3) ఇదే ఇస్తుంది. పొడవులు మారతాయి, పొడవుల నిష్పత్తులూ మారతాయి, నిష్పత్తుల నిష్పత్తి మాత్రం మారదు. అలెగ్జాండ్రియా గణితవేత్త పాపస్‌కి 4వ శతాబ్దంలోనే తెలిసిన ఈ సంగతి, 1639లో ఫ్రాన్స్‌లో జిరార్ డెజార్గ్ మొదలుపెట్టిన ప్రక్షేప జ్యామితికి ఆయువుపట్టయింది.

ఫోన్‌లో 0.5 జూమ్‌తో తీసిన ఫోటో వద్దు, ఆ లెన్స్ అంచుల దగ్గర తిన్నటి గీతల్ని వంచుతుంది. 1 లేదా 2 జూమ్‌తో తీసి ఏ4 నిండా ప్రింట్ తీసుకోండి. చిన్న ప్రింట్ మీద కొలిస్తే జవాబు నమ్మలేం. మన బొమ్మ సైజులో మూడో బిందువుని అర మిల్లీమీటరు పైకి కొలిచినా 1.33 కాస్తా 1.30 అయిపోతుంది. పెద్ద ప్రింట్ మీద కొలిచినా 1.33 రాకపోతే, అప్పుడు టైల్స్ వేసిన మేస్త్రీని అనుమానించొచ్చు.